పాత బుల్లెట్ క్రాంక్‌షాఫ్ట్: కూర్పు, తూకం

ఇంట్లో తిరగలి త్రిప్పేవారు నేడు అరుదు. అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుండి వచ్చిన విద్యార్థులు దానిని చూసే ఉంటారు. పై రాతి అంచున నిలిపిన కర్రపిడిని పట్టి చేయి ముందుకు, వెనుకకు ఆడుతుంటే రాయి గుండ్రంగా తిరుగుతుంది. మోటారు సైకిలు ఇంజనులో జరిగేదీ ఇదే. పిస్టన్ భుజబలం, కనెక్టింగ్ రాడ్ ముంజేయి, క్రాంక్ పిన్ కర్రపిడి, ఫ్లైవీలు తిరిగే రాయి.

ఈ ఉపాయం నిన్నటిది కాదు. అర్తుకీ రాజుల కొలువులో దియార్‌బకర్‌లో ఉండిన అల్ జజరీ 1206లో ముగించిన యంత్రగ్రంథంలో నీటిని పైకెత్తే యంత్రాలకు క్రాంకును వాడాడు. చక్రం బరువు అన్ని వైపులా సమంగా ఉన్నదో లేదో పరీక్షించే పద్ధతి కూడా ఆయన పనిలో కనిపిస్తుంది. ఉర్దూ విభాగపు మిత్రులు కవులతోపాటు ఈయననూ అప్పుడప్పుడు తలచుకోవాలని మా మనవి.

మేము చెప్పదలచినది బుల్లెట్ 350 పాత ఇంజను సంగతి. ఆ బండిని తయారుచేయడానికి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ 1955లో మద్రాసులో ఏర్పడింది. సిలిండరు వ్యాసం 70 మి.మీ., పిస్టన్ నడక 90 మి.మీ., పరిమాణం 346 ఘన సెంటీమీటర్లు. దీని క్రాంక్‌షాఫ్ట్ ఒకే ముద్ద కాదు. రెండు ఇనుప ఫ్లైవీళ్ళు, వాటి బయటి వైపున చెరొక షాఫ్టు, నడుమ క్రాంక్ పిన్, దానిమీద తేలియాడే బుష్, రాడ్. పిన్ను కొనలు ఫ్లైవీళ్ళలో దూరి నట్లతో బిగుసుకుంటాయి. అందువల్లనే ఇంట్లో విప్పి కూర్చడం సాధ్యమవుతున్నది. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లకు పిన్నును ప్రెస్సుతో ఒత్తి దూర్చాలి. ప్రెస్సు లేనివారు ఆ పనికి దిగరాదు.

కొన్నేళ్ళ క్రితం మేము ఒక పాత బుల్లెట్‌కు సైజు పెంచిన పిస్టన్ వేయించాము. కొత్తది పాతదానికన్నా ఎంత బరువో వేసినవారు తూచలేదు, మేమూ తూచలేదు. 60 కి.మీ. వేగం దాటితే చేతులు తిమ్మిరెక్కేవి. నెల తిరగకుండానే మడ్‌గార్డు ఊచ విరిగింది. విజయనగరంలో అందరూ ఉస్తాద్ అని పిలిచే ఒక వృద్ధ మెకానిక్ ఇంజను చప్పుడు విని, "మేష్టారూ, తూకం తప్పింది. నట్టు బిగిస్తే పోయే రోగం కాదిది" అన్నాడు.

భౌతికశాస్త్రం చదివినవారు లెక్క వేసి చూడవచ్చు. క్రాంక్ వ్యాసార్ధం 45 మి.మీ. నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, రాడ్ వాలు వలన వచ్చే అదనాన్ని వదిలివేసినా, నడక కొసలో పిస్టన్ త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 4400 మీటర్లు. అంటే 100 గ్రాముల అదనపు బరువు అక్కడ 45 కిలోల బలంతో ఇంజనును కుదుపుతుంది, అదీ సెకనుకు 50 సార్లు పైకి, 50 సార్లు క్రిందికి!

అయితే పిన్నుకు ఎదుటి వైపున అంత బరువూ పెడితే సరిపోదా? సరిపోదు. పిస్టన్ కదలిక నిలువుగా మాత్రమే ఉంటుంది, ఎదురు బరువో గుండ్రంగా తిరుగుతుంది. నిలువు కుదుపు తగ్గినంత మేర అడ్డ కుదుపు పుడుతుంది. కాబట్టి ఒంటి సిలిండరు ఇంజనుకు సంపూర్ణ తూకమంటూ లేదు, రాజీ మాత్రమే. పైకి క్రిందికి ఆడే బరువులో సాధారణంగా నూటికి 50 నుండి 70 వంతులకు ఎదురు తూకం ఇస్తారు.

ముందుగా కూర్పు. పిన్నులోని నూనె రంధ్రం ఫ్లైవీలు రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో పిచికారీతో నూనె కొట్టి చూడాలి. ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు, నూనె అందని బుష్ ఎక్కువ దూరం పోదు. నట్లు బిగించాక షాఫ్టులను రెండు కొనల వద్ద నిలిపి, మెల్లగా త్రిప్పుతూ డయల్ గేజి పెట్టాలి. ఒక షాఫ్టు ఎత్తు చూపినప్పుడు రెండవది పల్లం చూపితే ఫ్లైవీళ్ళు పిన్ను చుట్టూ మెలిపడ్డాయన్నమాట. రాగి సుత్తితో అంచుమీద కొట్టి సరిచేస్తారు. పిన్నుకు ఎదుటి వైపున అంచులు దగ్గరపడితే చీల దూర్చి విడదీయాలి, దూరమైతే వైసులో నొక్కాలి. ఊగు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతులోపు వచ్చేదాకా ఉస్తాద్ వదిలేవాడు కాదు. మాకు ఒక పూటంతా పట్టింది.

తరువాత తూకం. నునుపైన రెండు ఇనుప పట్టాలను రసమట్టంతో సమంగా పరచి, షాఫ్టులు వాటిమీద దొర్లేటట్లు క్రాంకును నిలపాలి. షాఫ్టులు ఒకే లావు కాకుంటే సన్నదానికి లేతుమీద చేయించిన గొట్టం తొడగాలి. పిస్టన్, రింగులు, గడ్జన్ పిన్ కలిపి 400 గ్రాములు, రాడ్ చిన్న కొన 150 గ్రాములు అనుకుందాం. మొత్తం 550. నూటికి 60 వంతున 330. చిన్న కొన ఎలాగూ వ్రేలాడుతూనే ఉంటుంది గనుక దాని 150 తీసివేసి, మిగిలిన 180 గ్రాములను ఆ కొనకు వ్రేలాడదీయాలి. ఉస్తాద్ పాత నట్లను గుడ్డలో మూటకట్టి కిరాణా కొట్టు కాటాలో తూయించేవాడు.

ఇప్పుడు క్రాంకును మెల్లగా కదపాలి. ఎక్కడ వదిలితే అక్కడ నిలిస్తే తూకం కుదిరినట్లే. పిన్ను క్రిందికి దిగితే ఆ వైపు, ఎదురు బరువు దిగితే ఆ వైపు ఇనుము తొలగించాలి. రెండు ఫ్లైవీళ్ళలోనూ సరిసమంగా రంధ్రాలు వేయాలి, కొద్దికొద్దిగా వేయాలి. తీసిన ఇనుమును తిరిగి అతికించలేము గదా! బుష్‌లోనికి రజను పోకుండా గుడ్డ చుట్టి, పని ముగిశాక కిరసనాయిలుతో పలుమార్లు కడగాలి.

మా క్రాంకులో పిన్ను వైపే బరువు తేలింది. రెండు ఫ్లైవీళ్ళలో చెరి రెండు రంధ్రాలు పడ్డాయి. వణుకు పూర్తిగా పోలేదు, 80 కి.మీ. దగ్గరకు జరిగింది. మేము అంత వేగం పోము కనుక పేచీ లేదు.

ఉస్తాద్ గతించాడు. ఆ దుకాణంలో ఇప్పుడు ఆయన కుమారుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. డయల్ గేజి, పట్టాలు మాకు ఇచ్చాడు. కాలేజీ కమిటీ వారు ఒక బల్ల, ఒక బీరువా కేటాయిస్తే వాటిని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాము. విప్పడానికి మా పాత క్రాంక్‌షాఫ్ట్ ఒకటి అటకమీద ఉన్నది.