రాయిని బట్టి బ్లేడు

చీమకుర్తి గ్రానైటుకూ గరుకైన ఇసుకరాయికీ ఒకే బ్లేడు వాడితే డబ్బు నీళ్లపాలే. డైమండ్ బ్లేడులో రాయిని కోసేది వజ్రపు రవ్వలు. వాటిని పట్టి ఉంచిన లోహం అరిగేకొద్దీ కొత్త రవ్వలు బయటపడతాయి. అందుకే గట్టి గ్రానైటుకు త్వరగా అరిగే మెత్తని లోహం, ఇసుకరాయికి గట్టి లోహం ఉన్న బ్లేడు కొనాలి. వినడానికి తిరకాసే!

అంచు నున్నబడి కోత ఆగితే బ్లేడు పారేయనక్కర్లేదు. గరుకైన ఇసుక ఇటుకను రెండు మూడుసార్లు కోస్తే మళ్లీ పదునెక్కుతుంది.

నాలుగు బండల పనికి నీళ్ల తొట్టి ఉన్న మిషన్ అద్దెకు తెచ్చుకుని, మిగిలిన డబ్బు మంచి బ్లేడు మీద పెట్టడం తెలివైన బేరం. బ్లేడు మీద రాసిన ఆర్‌పీఎం మిషన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. నీళ్లు బ్లేడును చల్లబరుస్తాయి, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే రాతి దుమ్మును చాలావరకు అణుస్తాయి. తడిలో కరెంటు పని కాబట్టి, లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాల్సిందే.