కంప్యూటరు తన గుర్తును తానే చెప్పునా?

గత వేసవి సెలవుల పిమ్మట మా పాఠశాల కంప్యూటరు గదిలో ఒక చిక్కు సంభవించినది. మన సంఘమువారు చందాలు కూర్చి కొనియిచ్చిన తెలుగు టైపు ప్రోగ్రాము అయిదవ కంప్యూటరులో నడచుచుండెడిది. ఆ యంత్రపు హార్డు డిస్కు చెడిపోగా క్రొత్తది వేయించితిమి. ప్రోగ్రామును మరల ఎక్కింపబోగా, ఈ అనుమతి వేరొక యంత్రమునకు చెందినదని అది నిరాకరించినది. బల్ల అదే, పెట్టె అదే, కూర్చున్న బిడ్డలు వారే. మరి యంత్రము మారినదని ప్రోగ్రామునకు చెప్పినదెవరు? ఈ ప్రశ్న పలువురు తలిదండ్రులు మమ్ము అడిగిరి. వారి కొఱకే ఈ నాలుగు మాటలు.

కంప్యూటరులోని ముఖ్య భాగములకు తయారుచేసినవారు కర్మాగారమునందే వరుస సంఖ్యలు వేయుదురు. పైన అంటించిన చీటీ చినిగిపోవచ్చును గాని, అదే సంఖ్య లోపలి చిప్పులో కూడ నిలిచియుండును. మదర్‌బోర్డు మీది చిప్పులో దాని పేరు, నమూనా, వరుస సంఖ్య ఉండును. హార్డు డిస్కు తన సంఖ్యను తనలోనే దాచుకొనును. నెట్‌వర్కు కార్డునకు మ్యాక్ చిరునామా యనునది గలదు. దానిని 0 నుండి 9 వరకు గల అంకెలతోను, ఏ నుండి ఎఫ్ వరకు గల ఆంగ్లాక్షరములతోను 12 స్థానములలో వ్రాయుదురు. మొదటి 6 స్థానములు సాధారణముగా తయారీదారును తెలుపును, వాటిని ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ కేటాయించును. తక్కిన 6 స్థానములు తయారీదారు ఒక్కొక్క కార్డునకు వేసినవి.

ఈ సంఖ్యలు కావలసిన ప్రోగ్రాము తాను స్వయముగా చిప్పులను తడవి చూడదు. కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టమును అడుగును. పూర్వము రైతు తన పొలము సర్వే నంబరుకై గట్లు కొలువక కరణము నడిగినట్లే ఇదియును. మీట నొక్కి యంత్రమును లేపినప్పుడు బయాస్ అను మూల ప్రోగ్రాము యంత్ర వివరములను ఒక పట్టికగా కూర్చి అందించును. విండోసులో ఆ వివరములను అడిగిన వారికి చెప్పుటకు డబ్ల్యు.ఎం.ఐ. అను ఏర్పాటు కలదు. పవర్‌షెల్ తెరచి ఒక్క పంక్తి వ్రాసినచో జవాబు వచ్చును. లినక్సులో నమూనా పేరును ఎవరైనను చదువవచ్చును గాని, బోర్డు వరుస సంఖ్యను యంత్రాధికారి హోదా గలవారికే చూపును. ఈ భేదము మాకు మిక్కిలి నచ్చినది.

మా పదవ తరగతి విద్యార్థులు ఉపాధ్యాయుని సాయముతో చిన్న ప్రోగ్రాము వ్రాసి, పది యంత్రములను ప్రశ్నించిరి. ఏడు యంత్రములు చక్కగా సంఖ్యలు చెప్పినవి. తక్కిన మూడు మాత్రము, సంఖ్యకు మారుగా, "తయారీదారు నింపవలెను" అను అర్థమిచ్చు ఆంగ్ల వాక్యమును చూపినవి! విడి భాగములు కూర్చి అమ్ము యంత్రములలో ఈ గడిని నింపకయే వదలుట కలదు. పిల్లలు కడుపుబ్బ నవ్విరి, మేమును నవ్వితిమి.

డిస్కు విషయములో మరియొక పొరపాటు జరుగుచుండును. డిస్కును ఫార్మాటు చేసినప్పుడు విండోసు దాని భాగమునకు వేరొక సంఖ్య వేయును. మరల ఫార్మాటు చేసిన అది మారును. కర్మాగారపు సంఖ్య మారదు. తెలియని ప్రోగ్రాము మొదటిదానిని పట్టుకొని రెండవదని భ్రమించును. మ్యాక్ చిరునామాను కూడ ప్రోగ్రాము ద్వారా మార్చి చూపవచ్చును. కావున తెలిసినవారు రెండు మూడు సంఖ్యలను కలిపి చూచి, ఒకటి మారినను యంత్రమును గుర్తింతురు. మా టైపు ప్రోగ్రాము డిస్కు నొక్కదానినే నమ్మినది. డబ్బిచ్చి కొన్నవారికి ఇది అన్యాయమని మా అభిప్రాయము. మేము వ్రాసిన రెండవ ఉత్తరమునకు గాని క్రొత్త అనుమతి రాలేదు. మూడు వారములు టైపు పాఠములు ఆగినవి.

యంత్రపు గుర్తు మనుష్యుని గుర్తుగా మారునేమో యను భయము క్రొత్తది కాదు. 1999లో ఇంటెల్ కంపెనీ పెంటియం 3 ప్రాసెసరులో ప్రోగ్రాములు చదువదగిన వరుస సంఖ్య నుంచగా, అమెరికాలో పెద్ద అలజడి చెలరేగినది. తరువాతి పెంటియం 4లో ఆ సంఖ్యను పెట్టలేదు. మీ యింటి చేతి ఫోనును ఒక చిన్న కంప్యూటరే. దానికి 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కలదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడు 10 నుండి సాధారణ యాప్‌లకు దానిని చదువు వీలు లేకుండ చేసిరి. మీరు మాత్రము *#06# నొక్కి చూచి, ఆ సంఖ్యను ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసియుంచుడు. ఫోను పోయిననాడు పోలీసువారు మొదట అడుగునది అదే.

ఇప్పుడు మా స్టాకు రిజిస్టరులో ప్రతి యంత్రమునకును బోర్డు, డిస్కు, కార్డు సంఖ్యలకు మూడు గడులు చేర్చితిమి. మరమ్మతునకు పోయి వచ్చిన యంత్రమును ఆ గడులతో సరిచూచిన పిమ్మటనే బిల్లు చెల్లించుచున్నాము. బోర్డు సంఖ్య చెప్పలేని ఆ మూడు యంత్రములకు మాత్రము ఎఱ్ఱ రంగుతో పెట్టె మీదనే 2, 6, 9 అని వ్రాయించితిమి.