పాఠం : పాత కలప సామాన్ల లోహ భాగాలు – గుర్తింపు, విలువ కట్టడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మడత బందు, పిడి, గొళ్ళెం వంటివి ఏ లోహంతో చేసినవో గుర్తించగలుగుతారు.
• వాటి తుక్కు విలువను లెక్కకట్టగలుగుతారు.
• ఏ వస్తువును తూకానికి ఇవ్వాలో, దేన్ని వస్తువుగా అమ్మాలో నిర్ణయించగలుగుతారు.

1.0 పరిచయం

పాత పెంకుటిల్లు విప్పినప్పుడు తలుపులు, భోషాణం, పందిరి మంచం, టేకు బీరువా బయటపడతాయి. కలపకు బేరం విడిగా కుదురుతుంది. వాటికున్న బందులు, పిడులు, గుబ్బలు, ఉయ్యాల గొలుసులు మాత్రం తరచు ఒకే గోతంలో చేరి, ఇనుము ధరకే తూకానికి వెళ్ళిపోతాయి. వాటిలో ఇత్తడి ఉంటే అమ్మినవారు నష్టపోయినట్లే. వాటిలో మంచి పనితనమున్న పాత వస్తువు ఉంటే నష్టం ఇంకా పెద్దది. కరిగించిన వస్తువు తిరిగి రాదు. అందువల్ల ముందుగా లోహాన్ని, తరువాత తుక్కు విలువను, చివరగా వస్తువు విలువను చూడాలి.

1.1 లోహాన్ని గుర్తించడం

రంగును మాత్రమే నమ్మవద్దు. ఇనుముపై ఇత్తడి పూత ఉండవచ్చు. ఇత్తడిపై నికెల్ పూతో, పలు పొరల రంగో ఉండవచ్చు. కింది మూడు పరీక్షలను వరుసగా చేయండి.

(అ) అయస్కాంత పరీక్ష: అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది ఇనుము లేదా ఉక్కు. ఇత్తడి, రాగి, కంచు, అల్యూమినియం, జింకు అతుక్కోవు. బందు మధ్యభాగంలో మాత్రమే అతుక్కుంటే లోపలి శీల ఇనుముదని అర్థం. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అతుక్కోదు. కనుక ఈ ఒక్క పరీక్షతో ఆగకూడదు.

(ఆ) ఆకురాయి పరీక్ష: వస్తువు వెనుకవైపు, కనిపించని చోట ఆకురాయితో కొద్దిగా రుద్దండి. లోపల పసుపు రంగు ఉంటే ఇత్తడి, ఎరుపు ఉంటే రాగి. బూడిద రంగు తెలుపు కనిపిస్తే జింకు మిశ్రమం, అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు.

(ఇ) సాంద్రత పరీక్ష: వస్తువును గ్రాముల్లో తూయండి. తరువాత నీళ్ళగిన్నెను ఎలక్ట్రానిక్ త్రాసుపై పెట్టి, అంకెను సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచండి. త్రాసు చూపే అంకె ఆ వస్తువు తొలగించిన నీటి బరువు. మొదటి బరువును దీనితో భాగించండి.

ఉదాహరణ: పిడి బరువు 510 గ్రాములు, ముంచినప్పుడు త్రాసు చూపినది 60. 510 ÷ 60 = 8.5. ఇది ఇత్తడికి సరిపోతుంది. అదే పరిమాణమున్న మరో పిడి 402 గ్రాములు తూగితే 402 ÷ 60 = 6.7. ఇది జింకు మిశ్రమం.

సుమారు సాంద్రతలు: అల్యూమినియం 2.7, జింకు మిశ్రమం 6.7; ఇనుము, ఉక్కు 7.8–8.0; ఇత్తడి 8.4–8.7, రాగి 8.9. లోపల గాలి నిలిచే బోలు గుబ్బలకు ఈ పరీక్ష పనికిరాదు. కంచు సాంద్రత ఇత్తడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ రెండింటినీ దీనితో వేరుచేయలేము.

జాగ్రత్త: పాత రంగులలో సీసం ఉండవచ్చు. రంగును కాల్చి తీయవద్దు. పొడిగా గీకి ఆ ధూళిని పీల్చవద్దు.

1.2 తుక్కు విలువ

ఇత్తడికి ఇనుప స్క్రూలు, శీలలు అంటిపెట్టుకొని ఉంటే ధర తగ్గిస్తారు. వాటిని వేరుచేయడానికి పట్టే శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. అయితే 1.3 భాగంలోని పరిశీలన పూర్తయ్యే వరకు దేన్నీ విరగగొట్టవద్దు.

ఒక భోషాణం సామాను మొత్తం 3.2 కిలోలు ఉందనుకుందాం. అందులో ఇత్తడి 2.8, ఇనుము 0.4 కిలోలు. లెక్క కోసం ఇత్తడి కిలో రూ. 400, ఇనుము రూ. 30 అనుకోండి.

విడదీసి అమ్మితే: (2.8 × 400) + (0.4 × 30) = రూ. 1,132
అంతా ఇనుముగా అమ్మితే: 3.2 × 30 = రూ. 96

ధరలు మారుతుంటాయి. కనీసం రెండు దుకాణాలలో ఆ రోజు ధర అడిగి, పై లెక్కలో మీ అంకెలు వేసుకోండి. వచ్చిన మొత్తం మీ కనీస ధర. అంతకు తక్కువకు ఒప్పుకోవద్దు.

1.3 వస్తువు విలువ

పాత సామాను బాగుచేసేవారు తూకం చూడరు, జత చూస్తారు. మీరు పరిశీలించవలసినవి:

• జత పూర్తిగా ఉందా? నాలుగు బందులలో ఒకటి లేకపోతే విలువ బాగా పడిపోతుంది.
• బీగం పనిచేస్తోందా, దాని తాళంచెవి ఉందా?
• పోతపోసి చేతితో సానపట్టిన గుర్తులు, నగిషీ, తయారీదారు ముద్ర ఉన్నాయా?
• స్క్రూలు ఎలాంటివి? ప్లస్ గుర్తు గాడి గల స్క్రూలు 1930ల మధ్యకాలం నుంచే వాడుకలోకి వచ్చాయి. అవి ఉంటే వస్తువు ఆ తరువాతిది, లేదా తరువాత మరమ్మతు చేసినది.

అమ్మేముందు చింతపండుతో తోమి మెరిపించవద్దు. చిలుము, వాడకపు అరుగుదల వయసుకు ఆనవాళ్ళు. పూత ఉన్న వస్తువైతే ఆ పూతే పోవచ్చు.

పై జతకు రూ. 2,000 ఇస్తామన్నారనుకోండి. రవాణా, శుభ్రతకు రూ. 300 పోగా మిగిలేది రూ. 1,700. ఇది రూ. 1,132 కన్నా ఎక్కువ కనుక దాన్ని వస్తువుగానే అమ్మాలి.

1.4 చట్టపరమైన జాగ్రత్తలు

దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని 317వ సెక్షను ప్రకారం నేరం. అమ్మినవారి పేరు, చిరునామా, తేదీ, తూకం పుస్తకంలో రాసి ఉంచండి. నూరేళ్ళు నిండిన కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు అవసరం. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.

1.5 సారాంశం

లోహం తెలిస్తే మోసపోరు. తుక్కు విలువ తెలిస్తే కనీస ధర తెలుస్తుంది. వస్తువు విలువ చూసిన తరువాతే సుత్తి పట్టుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పసుపు రంగు పిడికి అయస్కాంతం అంతటా గట్టిగా అతుక్కుంది. మీరేమి నిర్ణయిస్తారు?
2. ఒక గొళ్ళెం 344 గ్రాములు. నీటిలో ముంచినప్పుడు త్రాసు 40 చూపింది. దాని సాంద్రత ఎంత? అది ఏ లోహం కావచ్చు?
3. మీ ఇంట్లోని ఒక పాత పెట్టె లేదా తలుపు లోహ భాగాలను పరిశీలించి, వాటి తుక్కు విలువ కట్టండి.

జవాబులు: 1. ఇత్తడి పూత ఉన్న ఇనుము. 2. 8.6, ఇత్తడి లేదా కంచు.