అరవై దాటాక కండకు తిండి

“అరవై దాటాయి కదండీ, రాత్రిపూట అన్నం మానేశాను. రెండు చపాతీలు, కాసిని పాలు, అంతే. అయినా షుగర్ దిగట్లేదు, కాళ్ళలో సత్తువ లేదు. ఎందుకంటారు?” పాఠకులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. వయసు మీదపడ్డాక తిండి తగ్గించాలని వాళ్ళకు ఇంటా బయటా అందరూ నూరిపోశారు. ఆ సలహా చేస్తున్న నష్టం చూస్తే నాకు బాధా వేస్తుంది, కోపమూ వస్తుంది.

ఒంటికి కావలసిన శక్తి వయసుతో తగ్గే మాట నిజమే, కానీ మనం అనుకున్నంత తొందరగా తగ్గదు. హెర్మన్ పాంట్జర్ బృందం 29 దేశాల్లో 6,400 మందికి పైగా జనాన్ని పరిశీలించి 2021లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఒంటి పరిమాణాన్ని బట్టి సరిచూస్తే, ఇరవై నుంచి అరవై ఏళ్ళ దాకా శక్తి ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. అరవై తర్వాతే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గింది.

అసలు మార్పు కండలో వస్తుంది. కండ మన ఒంట్లోని గాదె. భోజనం చేశాక ఇన్సులిన్ వచ్చి ఆ గాదె తలుపు తీస్తుంది, రక్తంలోని చక్కెరలో పెద్ద వాటా లోపలికి పోతుంది. నడిచినప్పుడు, బరువులెత్తినప్పుడు ఆ సరుకు ఖర్చయి మళ్ళీ చోటు ఏర్పడుతుంది. వయసుతో గాదె కుంచించుకుపోతుంది. కండలో కొవ్వు చేరి తలుపు బిగుసుకుంటుంది. రోజంతా కుర్చీలో కూర్చుంటే పాత సరుకు కదలదు. ఇక కొత్తగా వచ్చిన బళ్ళన్నీ వీధిలోనే ఆగిపోతాయి. రిపోర్టులో కనిపించే షుగర్ అంకె ఆ బళ్ళ వరసే. అన్నం తగ్గిస్తే బళ్ళు తగ్గుతాయి, మంచిదే. దాంతోపాటు గాదె మరమ్మతుకు కావలసిన సరంజామా కూడా ఆపేస్తే, వచ్చే ఏడు ఆ కాసిని బళ్ళకూ చోటుండదు. ఆ సరంజామా ప్రొటీన్. కండ తగ్గి, ఆ మేరకు కొవ్వు పెరిగితే తూకంలో తేడా రాదు కాబట్టి “నా బరువు ఎప్పుడూ అంతే” అన్న ధీమా పనికిరాదు. నడుము దగ్గర బట్టలు బిగుతై, పిక్కలు వదులైతే లోపల జరుగుతున్నది ఇదే.

పైగా పెద్దవాళ్ళ కండ మొండిది. పడుచువాళ్ళకు పూటకు ఇరవై గ్రాముల ప్రొటీన్ సరిపోయే చోట, వీళ్ళకు 25–30 గ్రాములు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వయోజనులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములని లెక్క కట్టింది. 65 దాటినవాళ్ళకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సూచించింది. అంటే అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తినేది చూడండి. పొద్దున రెండు ఇడ్లీలు: నాలుగైదు గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పలచని పప్పుచారు, కూర, మజ్జిగ: పన్నెండు మించదు. సాయంత్రం టీ, బిస్కెట్లు: ఒకటో రెండో. రాత్రి చపాతీలు, పాలు: పది పైచిలుకు. మొత్తం కలిపినా ముప్పై దగ్గరే ఆగిపోతుంది. పప్పుచారు బదులు ముద్దపప్పు, ఇడ్లీ బదులు పెసరట్టు, ఒక గుడ్డు, గిన్నెడు గట్టి పెరుగు, తినేవాళ్ళకు చేప ముక్క చేరిస్తే లెక్క మారుతుంది.

ఇంత తక్కువ ప్రొటీన్ తినడానికి కారణాలు లేకపోలేదు. దవడ పళ్ళు పోతాయి, వాసన తెలియదు, కడుపు త్వరగా నిండినట్టుంటుంది. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. వీటికి తోడు “పప్పు వాతం, గుడ్డు వేడి” అనే నమ్మకం. మోకాళ్ళ నొప్పులనగానే ముందు కందిపప్పు ఆపేస్తారు. మోకీళ్ళ అరుగుదలకు పప్పు కారణం కాదు. తొడ కండ తగ్గితే మోకాలి మీద భారం పెరుగుతుంది, కాబట్టి మానేసిన ఆ పప్పే మోకాలికి అవసరం. రాగిజావనైతే మందులా తాగుతున్నారు. రాగుల్లో కాల్షియం దండిగా ఉంది, నిజమే. కానీ మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగిపోతుంది, ప్రొటీన్ కొద్దిగానే ఇస్తుంది.

“ఈ వయసులో కొత్తగా కండేం వస్తుంది?” అంటారా? 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం, వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ళ వయసువాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇంట్లో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ప్రొటీన్ పెంచకూడదు. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు శనివారం ఒక్కపొద్దుండి, మాత్ర మామూలుగానే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ రోజు మాత్ర సంగతేమిటో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే ఉపవాసం పక్కనపెట్టి వెంటనే చక్కెర నీళ్ళు తాగాలి.