పెరుగుతున్న ఉష్ణోగ్రతకు కూజా మొక్కను అలవరచడం

మేఘాలయలోని ఖాసీ, జయింతియా, గారో కొండలకు దాదాపు పరిమితమైన నెపంథిస్ ఖాసియానా మన దేశంలో సహజసిద్ధంగా పెరిగే ఏకైక నెపంథిస్ జాతి. ఖాసీలు దీనిని 'తియూ రాకోట్', అంటే రాక్షస పుష్పం అంటారు. జోసెఫ్ హుకర్ 1873లో దీనికి శాస్త్రీయ నామమిచ్చాడు. నేడు ఇది అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ఐ.యు.సి.ఎన్. ఎర్ర జాబితాలోను, సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలోను ఉన్నది. గారో కొండల్లో బాగ్మారా వద్ద దీనికోసమే ఏర్పరచిన అభయారణ్యం విస్తీర్ణం సుమారు 2 హెక్టార్లు మాత్రమే. బొగ్గు గనులు, పోడు సేద్యం, విచక్షణలేని సేకరణ ఇప్పటికే దీని ఆవాసాన్ని కుదించాయి. వాతావరణం వేడెక్కే కొద్దీ పైకి జరుగుదామన్నా ఆ కొండల ఎత్తు పరిమితమైనది. కనుక ఈ జాతిని వెచ్చని ప్రాంతాల ఉద్యానవనాల్లోనూ బ్రతికించుకోగలగాలి. కణజాల వర్ధనం ద్వారా మొక్కలను ఉత్పత్తి చేయడం సాధ్యమైనదే. నష్టమంతా తరువాతి దశలో, సీసా నుండి బయటికి వచ్చిన మొక్కను వేడి వాతావరణానికి అలవరచేటప్పుడు జరుగుతుంది.

ఈ నష్టానికి కారణం ఎండ వేడిమి అని సాధారణంగా భావిస్తారు. నా దృష్టిలో మొదటి కారణం గాలి దాహం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం ఆర్ద్రత ఉంటే గాలిలో బాష్పపీడన లోటు సుమారు 0.63 కిలోపాస్కల్. అదే 80 శాతం ఆర్ద్రతతో ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే లోటు 1.1 దాటుతుంది. మన వేసవిలో 38 డిగ్రీలు, 30 శాతం ఆర్ద్రత ఉన్న మధ్యాహ్నం అది 4.6. అనగా ఆర్ద్రతామాపకంలోని శాతాన్ని మాత్రమే చూసి నిశ్చింతగా ఉండరాదు.

కూజా పూవు కాదు, ఆకులో భాగమే. ఆకు మధ్య ఈనె నులితీగగా సాగి, దాని కొనన ఉన్న మొగ్గ కణాల్లోని నీటి ఒత్తిడితో ఉబ్బి కూజాగా రూపొందుతుంది. గాలి పొడిగా ఉంటే బాష్పోత్సేకం నీటిని హరిస్తుంది. మొగ్గ ఉబ్బక నల్లబడి ఎండుతుంది. ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. వేడిగాలికి మిరపలో పూత రాలినట్లే, మొక్క ఖర్చుతో కూడిన అవయవాన్ని మొదట వదులుకుంటుంది. దీనిని పోషక లోపంగా భ్రమించి యూరియా ద్రావణం పోసేవారున్నారు. నిస్సారమైన ఆమ్ల నేలల్లో కీటకాల నుండి నత్రజని పొందే ఈ మొక్క లేత వేర్లకు అది హాని చేస్తుంది. (సందర్శకులు కూజాలో వేసే అన్నం మెతుకులు కూడా కుళ్ళడానికే పనికివస్తాయి.)

రెండవ సమస్య రాత్రి వేడి. పగలు తయారైన పిండిపదార్థాన్ని వెచ్చని రాత్రుల్లో శ్వాసక్రియ తినివేస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత ప్రభావం వ్యవసాయ విద్యార్థులకు కొత్త కాదు. కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగినప్పుడు పొడి ఋతువు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ క్షేత్రాల గణాంకాలు 2004లో చూపాయి. ఈ కారణంగానే హైదరాబాదు, విశాఖపట్నాలకు ఒకే పద్ధతి సరిపోదు. దక్కను పీఠభూమి వేసవి గాలి పొడిది. కాబట్టి షేడ్‌నెట్ కింద తడి ప్యాడ్లు, పంకాలు అమర్చితే 8 నుండి 10 డిగ్రీల వరకు చల్లబరచవచ్చును. తీరంలో కూజాలు సులువుగా ఏర్పడవచ్చు గాని, తేమగాలిలో ఆవిరి ద్వారా చల్లదనం అంతగా రాదు, రాత్రులు ఉక్కపోతగా సాగుతాయి. చింతపల్లి, అరకు వంటి ఎత్తైన ప్రాంతాలు మన రాష్ట్రాల్లో అన్నిటికన్నా అనుకూలమని నా అభిప్రాయం.

అలవరచడంలో కాలాన్ని రోజులతో గాక ఆకులతో కొలవాలి. పాత ఆకు కొత్త వాతావరణానికి పూర్తిగా మారలేదు. ఆ వాతావరణంలోనే విచ్చుకున్న ఆకు నిర్మాణమే దానికి తగినట్లుంటుంది. సీసాలో పెరిగిన ఆకుపై మైనపు పొర పలుచన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. అందువల్ల తొలుత పాలిథిన్ గుడారంలో 90 శాతం ఆర్ద్రతతో ఉంచి, రెండు కొత్త ఆకులు పూర్తయ్యాక గుడారాన్ని కొంచెం తెరవాలి. తరువాత ప్రతి రెండు ఆకులకు పగటి ఉష్ణోగ్రతను 2 డిగ్రీల చొప్పున పెంచుతూ పోవచ్చును. రెండు మొగ్గలు వరుసగా ఎండితే వెనుకటి మెట్టుకు తిరిగి రావాలి. పాత కూజాలు ఎండిపోవడం మాత్రం వైఫల్యం కాదు. ఈ మార్పును శీతకాలారంభంలో మొదలుపెడితే వేసవికి మొక్క సిద్ధమవుతుంది.

నీటి విషయంలో రాజీ పనికిరాదు. వర్షపు నీరు గాని, ఆర్.ఓ. నీరు గాని వాడి, విద్యుత్ వాహకతను మీటరుకు 0.1 డెసిసీమెన్ లోపు ఉంచాలి. మన బోరు నీరు అనేకచోట్ల దీనికి పది రెట్లు ఉంటుంది. కొబ్బరి పొట్టును లవణాలు పోయేవరకు కడిగి, పెర్లైట్‌తో కలిపి వాడాలి. వేళ్ళు వేడెక్కకుండా నల్లని ప్లాస్టిక్ కుండీల బదులు మట్టి కుండీలు మేలు.

మొక్కలను అడవి నుండి తేవడం చట్టవిరుద్ధం. అనుమతి పొందిన సంస్థల వర్ధనాల నుండే తీసుకోవాలి, ఏ కొండకు చెందినదో, ఎంత ఎత్తున సేకరించినదో చీటీపై రాయాలి. తక్కువ ఎత్తుల సేకరణలతో ప్రయత్నం ఆరంభించడం సముచితం. ఇంకొక జాగ్రత్త: నెపంథిస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. ఒకే మొక్క ముక్కల నుండి వంద కుండీలు నింపినా విత్తనం ఒక్కటి రాదు. పూత వచ్చేవరకు లింగం తెలియదు గనుక భిన్నమైన విత్తన మొలకల నుండి వచ్చిన వర్ధనాలను కనీసం పదింటిని మొదటి నుండీ వేర్వేరుగా పెంచాలి.