జీడిమామిడి తోటలలో పురుగుల పరిశీలన

జీడిమామిడి తోటలలో పురుగుల పరిశీలన అనగా చిగురు వేసినప్పటి నుండి గింజ ఏరే వరకు తోటను క్రమం తప్పకుండా తిరిగి చూసి, ఏ పురుగు ఎంత మేరకు ఉన్నదో లెక్కించి, మందు అవసరమా కాదా అని నిర్ణయించే పద్ధతి. ఇది సమగ్ర సస్యరక్షణలో మొదటి మెట్టు. పురుగు ఉన్నా లేకున్నా తేదీల ప్రకారం మందు చల్లడానికి ఇది ప్రత్యామ్నాయం.

నేపథ్యం

జీడిమామిడి జన్మస్థానం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీనిని భారతదేశపు పడమటి తీరానికి తెచ్చారు. మొదట్లో నేల కోతను అరికట్టడానికి నాటిన ఈ చెట్టు తరువాత వాణిజ్య పంటగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తర కోస్తా దీనికి ముఖ్యమైన ప్రాంతం. ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి పేరుపొందిన విశాఖపట్నం నగరానికి పడమటి వైపున ఉన్న నర్సీపట్నం, రోలుగుంట, గొలుగొండ, కొయ్యూరు ప్రాంతాలలోని ఎర్ర నేలలలో, కొండ వాలులలో ఈ తోటలు విస్తారంగా కలవు. ఒకప్పుడు ఇవన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనతో కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మిగిలినవి అనకాపల్లి జిల్లాలోకి చేరాయి. శ్రీకాకుళం జిల్లాలోని పలాస-కాశీబుగ్గ జీడిపప్పు తయారీకి ప్రసిద్ధి. ఇక్కడి తోటలు ఎక్కువగా వర్షాధారం. కాబట్టి ఒక పూత మాడిపోతే ఆ ఏటి ఆదాయం పోయినట్లే.

ముఖ్యమైన పురుగులు

టీ దోమ: పేరులో దోమ అని ఉన్నా ఇది దోమ కాదు, రసం పీల్చే నల్లి జాతి పురుగు. శాస్త్రీయ నామం హెలోపెల్టిస్ ఆంటోనీ. తేయాకును ఆశించే పురుగుల కుటుంబానికి చెందినది కనుక ఈ పేరు వచ్చింది. దీని వీపుపై గుండుసూది వంటి చిన్న కొమ్ము ఉంటుంది. తల్లి పురుగు లేత చిగురు లోపల గుడ్లను దూర్చి పెడుతుంది. గుడ్డు నుండి బయటికి పొడుచుకు వచ్చిన రెండు సన్నని పోగులు మాత్రమే పైకి కనిపిస్తాయి. పిల్ల, పెద్ద పురుగులు రెండూ చిగుళ్ళ నుండి, పూగుత్తుల నుండి, లేత గింజల నుండి రసం పీలుస్తాయి. పీల్చిన చోట మొదట తడి మచ్చ ఏర్పడి, జిగురు కారి, తరువాత నల్లబడుతుంది. మచ్చలు కలిసిపోతే కొమ్మ చివర నుండి వెనక్కి ఎండుతుంది. దీనిని చూసి పూత మంచుకు మాడిందని పొరబడే అవకాశం ఉన్నది.

కాండం, వేరు తొలుచు పురుగు: ఇది పొడవైన మీసాలు గల పెంకు పురుగు. తూర్పు తీరపు తోటలకు దీని బెడద ఎక్కువ. చెట్టు మొదట్లో బెరడు పగుళ్ళలోను, నేలపైకి తేలిన వేళ్ళపైనా గుడ్లు పెడుతుంది. లార్వాలు బెరడు కింద తొలుచుకుంటూ పోవడం వలన పోషకాలు అందక ఆకులు పసుపుబారి చెట్టు చనిపోతుంది. టీ దోమ ఒక ఏటి పంటను తింటే, ఈ పురుగు చెట్టునే తింటుంది.

ఇవి కాక ఆకు తొలుచు పురుగు, ఆకులను పూతను గూడుగా అల్లుకునే పురుగు, తామర పురుగులు, పండును గింజను తొలిచే పురుగు కూడా ఆశిస్తాయి.

పరిశీలన కాలం

వానల తరువాత వచ్చే కొత్త చిగురు, చలికాలపు పూత, ఆ పిదప లేత గింజ దశ, ఈ మూడు సమయాలలో టీ దోమ ముప్పు ఎక్కువ. గుడ్డు నుండి పెద్ద పురుగు కావడానికి మూడు నాలుగు వారాలే పడుతుంది. అందువలన ఈ కాలంలో కనీసం వారానికి ఒకసారి తోట చూడడం మంచిది. కాండం తొలుచు పురుగు కోసం మాత్రం ఏడాది పొడవునా చెట్ల మొదళ్ళు చూడవలసినదే.

పరిశీలన పద్ధతి

పరిశోధన కేంద్రాలలో టీ దోమ నష్టాన్ని కొలవడానికి ఒక్కొక్క చెట్టుకు నాలుగు దిక్కులా 13 చొప్పున మొత్తం 52 కొమ్మలను చూసి, ప్రతి కొమ్మకు 0 నుండి 4 వరకు అంకె వేస్తారు. మచ్చలు లేకపోతే 0, మూడు వరకు మచ్చలుంటే 1, నాలుగు నుండి ఆరు వరకు ఉంటే 2, అంతకు మించి కలిసిపోతూ ఉంటే 3, కొమ్మ పూర్తిగా ఎండితే 4. రైతు ఇంత వివరంగా చూడలేకపోయినా, తోటలో అక్కడక్కడ కొన్ని చెట్లను ఎంచుకొని, ప్రతివారం అవే చెట్లలో నాలుగు వైపులా సమాన సంఖ్యలో చిగుళ్ళు చూసి రాసుకుంటే నష్టం పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. తాజా మచ్చలను, ఎండిన పాత మచ్చలను వేరుగా లెక్కించాలి. పాత మచ్చలు మాత్రమే ఉన్నచోట మందు చల్లితే ఫలితం ఉండదు.

అమెరికాలోని పెకాన్ తోటలలో కాయ తొలుచు పురుగు రాకను లింగాకర్షక బుట్టలతో ముందే పసిగడతారు. టీ దోమ విషయంలో మాత్రం రైతుకు కంటిచూపే ప్రధాన సాధనం.

కాండం తొలుచు పురుగు కోసం చెట్టు మొదలు చుట్టూ మట్టి తొలగించి జిగురు కారుతున్నదా, చిన్న రంధ్రాల నుండి రంపపు పొట్టు రాలుతున్నదా అని చూడాలి. తొలిదశలో గుర్తిస్తే ఉలితో బెరడు తీసి పురుగును ఏరివేసి చెట్టును కాపాడవచ్చు. ఆకులు పసుపుబారిన తరువాత చెట్టు కోలుకోవడం అరుదు. అటువంటి చెట్టును వేళ్ళతో సహా తొలగించకపోతే పక్క చెట్లకు అదే పుట్టిల్లు అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటినప్పుడు జీడితోటలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. తుఫాను తరువాత వేళ్ళు బయటపడిన చెట్లను వెంటనే చూడవలసిన అవసరం ఇందువల్లనే.

మిత్ర కీటకాలు

పరిశీలనలో శత్రు పురుగులనే కాక మిత్రులను కూడా లెక్కించాలి. ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్ర చీమలు టీ దోమను వేటాడతాయి. సాలీళ్ళు, గుడ్లపై బతికే పరాన్నజీవి కందిరీగలు కూడా దానిని అదుపులో ఉంచుతాయి. జీడిమామిడి పరాగ సంపర్కం తేనెటీగలు, ఈగలు మొదలైన కీటకాల వలన జరుగుతుంది. పూత సమయంలో అనవసరంగా మందు చల్లితే పిందె పట్టించే కీటకాలే చనిపోతాయి.

పరిశీలన లేకపోతే

దీనికి పెద్ద ఉదాహరణ కేరళలోని కాసరగోడ్ జిల్లా. అక్కడి ప్రభుత్వరంగ జీడితోటలపై టీ దోమ నివారణకు 1970వ దశకం చివరి నుండి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆకాశం నుండి చల్లే మందుకు పురుగు ఉన్న చెట్టు, లేని చెట్టు అనే భేదం ఉండదు. ఊళ్ళు, బావులు, వాగులు అనే భేదమూ ఉండదు. చుట్టుపక్కల గ్రామాలలో తీవ్రమైన ఆరోగ్య సమస్యలు బయటపడి ప్రజా ఉద్యమం నడిచింది. 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశమంతటా నిలిపివేసింది. 2017లో బాధితులకు ఐదు లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఒకప్పుడు జీడితోటలకు సిఫారసు చేసిన కార్బరిల్ మందును కూడా 2018లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. కాబట్టి పాత పుస్తకాలలోని మందుల పట్టికలను యథాతథంగా అనుసరించరాదు. ఉద్యాన శాఖ అధికారులను, బాపట్లలోని జీడిమామిడి పరిశోధన కేంద్రాన్ని లేదా కర్ణాటకలోని పుత్తూరులో ఉన్న జాతీయ పరిశోధన సంస్థను సంప్రదించి ప్రస్తుత సిఫారసులు తెలుసుకోవాలి.

ఇవి కూడా చూడండి

జీడిమామిడి
సమగ్ర సస్యరక్షణ
ఎండోసల్ఫాన్
పలాస-కాశీబుగ్గ