ప్రొజెక్టర్ వచ్చింది... రీలు ఎక్కడ?

కర్నూలు కొండారెడ్డి బురుజు తెలియని తెలుగు సినిమా అభిమాని ఉంటాడా? ఉండడు గాక ఉండడు! 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు'లో ఆ బురుజు దగ్గర జరిగే ఘట్టం... అదేనండీ, మహేష్‌బాబు ప్రకాష్‌రాజ్ మీద చెయ్యి చేసుకునే ఘట్టం... దానికి మా ఊరి హాళ్ళలో మోగిన ఈలలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఇరవై ఏళ్ళు తిరిగాక, 2023 జనవరిలో, అదే బొమ్మ మళ్ళీ వెండితెరకెక్కింది. అంతకు ముందే 2022 ఆగస్టులో 'పోకిరి', సెప్టెంబరులో 'జల్సా' తిరిగొచ్చి రభస చేశాయి. హాల్లో కాగితాలు చల్లిన కుర్రకారులో చాలామంది, ఆ సినిమాలు మొదటిసారి ఆడే రోజుల్లో ఉయ్యాల్లో ఉన్నవాళ్ళే!

పాత బొమ్మకు కొత్త జనం. ఈ తిరునాళ్ళ ఇప్పుడు వీడియో గేముల లోకంలోకి కూడా వచ్చింది. సినిమా పత్రికలో గేముల గోల ఏమిటని మొహం చిట్లించకండి. కాస్త ఓపిక పడితే ఇందులో హనుమంతుడూ వస్తాడు, 'మాయాబజార్' కూడా వస్తుంది.

సంగతేమిటంటే, 2024 ఏప్రిల్ 5న ఆపిల్ కంపెనీ తన యాప్ స్టోర్ నిబంధనల్లో ఒక వాక్యం మార్చింది. పాత గేమ్ యంత్రాల 'ఎమ్యులేటర్లు' ఇకమీదట మా దుకాణంలో పెట్టుకోవచ్చు అంది. ఆ దుకాణం తెరిచింది 2008లో. అంటే పదహారేళ్ళు ఎమ్యులేటర్లను గేటు బయటే నిలబెట్టింది! ఉన్నట్టుండి ఎందుకీ దయ? యూరప్ ప్రభుత్వాలు కొత్త చట్టం తెచ్చి, ఐఫోన్లో ఆపిల్ దుకాణం ఒక్కటే కాదు, బయటి దుకాణాలు కూడా ఉండనివ్వాల్సిందే అన్నాయి. పక్క వీధిలో వేరేవాడు కొట్టు తెరుస్తుంటే మనవాడు ధర తగ్గించడూ? ఇదీ అదే బాపతు అని నా అనుమానం.

అసలు ఎమ్యులేటర్ అంటే ఏమిటి? మన భాషలో చెప్పాలంటే ప్రొజెక్టర్! సినిమా వేరు, ప్రొజెక్టర్ వేరు. రీలు మీ చేతిలో ఉన్నా, దాన్ని తిప్పే యంత్రం లేకపోతే అది వట్టి ప్లాస్టిక్ చుట్ట. పాత గేమూ అంతే. నింటెండో పాత యంత్రానికి రాసిన ఆట ఆ యంత్రానికే అర్థమవుతుంది. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము మన ఫోన్లో కూర్చుని, "నేనే ఆ పాత యంత్రాన్ని" అని వేషం కడుతుంది. ఆట ఏ ఆజ్ఞ ఇచ్చినా ఫోన్‌కు అర్థమయ్యే భాషలోకి అప్పటికప్పుడు మార్చి చెబుతుంది. డబ్బింగ్ కళాకారుడు తెర మీద పెదవులు చూస్తూ గొంతు కలిపినట్టు! ఆ పాత నింటెండో గుండె సెకనుకు దాదాపు 18 లక్షల సార్లు కొట్టుకునేది. మన ఫోన్ల గుండె సెకనుకు రెండు వందల కోట్ల సార్లు పైమాటే. అందుకే ఈ వేషం తేలికగా కుదురుతుంది. ఇంకో తమాషా చెప్పనా? 1985 నాటి 'సూపర్ మేరియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీరు పొద్దున్నే పంపే 'శుభోదయం' ఫోటో అంతకన్నా బరువు!

ఆపిల్ గేటు తీసిన వారంలోనే చిన్న రసాభాస జరిగింది. 'ఐజీబీఏ' అనే యాప్ ఒకటి దూసుకొచ్చింది. తీరా చూస్తే అది రైలీ టెస్టుట్ అనే అమెరికా కుర్రాడు ఏనాడో రాసిన ప్రోగ్రాముకు నకలు. ఆపిల్ దాన్ని తీసేసింది. ఏప్రిల్ 17న టెస్టుట్ తన సొంత సరుకు 'డెల్టా' విడుదల చేశాడు. ఈయన హైస్కూల్లో చదివే రోజుల్లోనే ఐఫోన్‌కు ఎమ్యులేటర్ రాసినవాడు. ఏళ్ళ తరబడి దొడ్డిదారిన తిరిగినవాడికి చివరికి సింహద్వారం తెరుచుకుంది. కొద్ది రోజుల్లోనే అమెరికా ఉచిత యాప్‌ల జాబితాలో డెల్టా మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. మే నెలలో 'రెట్రోఆర్క్', 'పీపీఎస్ఎస్పీపీ' వచ్చాయి. ఈ రెండోది సోనీ వారి చేతి యంత్రం పీఎస్పీకి ఎమ్యులేటర్. రాసింది హెన్రిక్ రిడ్‌గార్డ్ అనే స్వీడన్ దేశస్థుడు.

ఆండ్రాయిడ్ ఫోన్ల వాళ్ళకు ఇదంతా పాత చింతకాయ పచ్చడి. గూగుల్ దుకాణంలో పీపీఎస్ఎస్పీపీ 2012 నుంచీ ఉంది. కడపలో మా అన్నకొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఏడు రోడ్ల దగ్గర టీ తాగుతూ ఈ ఆపిల్ వార్త ఘనంగా చెప్పబోతే, వాడు నవ్వి, "ఏంది చిన్నాయనా, ఐఫోనోళ్ళకు ఇప్పుడొచ్చిందా! మేము ఆరో తరగతిలోనే ఆడినాం కదా!" అన్నాడు. నా గాలి తీసేశాడు.

వాడికి నా కాలం కబుర్లు చెప్పాను. తొంభైల్లో మాకు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే తెల్ల పెట్టె, దానిలో గుచ్చే 'క్యాసెట్'. నింటెండో యంత్రాన్ని మన దేశంలో 'సామురాయ్' పేరుతో అసలు లైసెన్సు మీదే అమ్మారు గానీ, దాన్ని కొన్నవాళ్ళు ఎక్కడో! మార్కెట్ ఏలినవి దాని నకళ్ళు... 'మీడియా', 'లిటిల్ మాస్టర్', 'విజ్ కిడ్' లాంటివి. కర్నూల్లో మా వీధిలో ఒకాయన గదిలో టీవీ పెట్టి గంట లెక్కన ఆడించేవాడు. మేరియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట... కరెంటు పోతే మిగిలిన నిమిషాలు సున్నంతో గోడ మీద రాసుకునేవాడు పాపం, నిజాయితీపరుడు. క్యాసెట్ పట్టకపోతే నోటితో ఉఫ్ అని ఊది మళ్ళీ గుచ్చడం మా శాస్త్రపరిజ్ఞానం!

చూశారా తమాషా? రాయలసీమ పిల్లలు మేరియోను మొట్టమొదట చూసిందే నకిలీ యంత్రం మీద, నకిలీ క్యాసెట్‌లో. కాబట్టి 'దొంగ కాపీ' అని మనం ఎవరి మీదా వేలు చూపే ముందు కాస్త తడుముకోవాలి.

మా వాడు అసలు ప్రశ్న అక్కడే వేశాడు. "ప్రొజెక్టర్ దుకాణంలో దొరుకుతాది సరే చిన్నాయనా, రీలు యాడ దొరుకుతాది?"

అదీ కిటుకు! ఎమ్యులేటర్లో ఆటలు ఉండవు. అది ఖాళీ ప్రొజెక్టర్. ఎమ్యులేటర్ తయారు చేయడం నేరం కాదని 2000లో అమెరికా అప్పీలు కోర్టు, సోనీకీ కనెక్టిక్స్ అనే కంపెనీకీ నడిచిన వ్యాజ్యంలో తేల్చింది. ఆట మాత్రం దాన్ని చేసినవాడి సొత్తు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో ఒక వెసులుబాటు ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాము న్యాయంగా మీ చేతిలో ఉంటే, అది పోతుందేమో, పాడవుతుందేమో అన్న జాగ్రత్తకు నకలు తీసి ఉంచుకోవచ్చు. కొన్న డిస్కుకు నకలు తీసుకోవడం వేరు, ఎవరో ఊరికే పెట్టింది దించుకోవడం వేరు.

నింటెండో వారు ఈ విషయంలో మహా కోపిష్టులు. 2023లో 'డాల్ఫిన్' అనే ఎమ్యులేటర్ స్టీమ్ దుకాణంలోకి వస్తున్నట్టు ప్రకటన ఇచ్చుకుంది. నింటెండో నుంచి స్టీమ్ యజమానులకు ఒక ఉత్తరం వెళ్ళింది. అంతే, విడుదల ఆగిపోయింది. 2024 మార్చిలో 'యుజు' వాళ్ళు 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని దుకాణం కట్టేశారు. యుజు పాత యంత్రానిది కాదు, అప్పటికి మార్కెట్లో అమ్ముతున్న స్విచ్ యంత్రానిది. కొత్త ఆట విడుదల కాకముందే దొంగ కాపీలు దాని మీద ఆడాయి. విడుదల రోజే కొత్త సినిమా ఫోన్లలో తిరిగితే నిర్మాత గుండె ఆగదా? ఆ విషయంలో నేను నింటెండో పక్షమే. కానీ ముప్పై ఏళ్ళ కింద ఆగిపోయిన ఆట, ఏ దుకాణంలోనూ అమ్మని ఆట... దాన్ని ఏం చేయాలి? అమెరికాలో వీడియో గేముల చరిత్రను భద్రపరిచే సంస్థ ఒకటి 2023లో లెక్క తీసింది. ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు డబ్బిచ్చి కొందామన్నా దొరకవట!

అది అమెరికా లెక్క. మన సంగతి?

ఇదిగో, హనుమంతుడు వస్తాడన్నానే! 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట తయారు చేసింది. సోనీ ప్లేస్టేషన్-2 కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ఆటగా దానికి పేరొచ్చింది. దేవుణ్ణి బొత్తాలతో ఆడించడమేమిటని అమెరికాలో కొందరు హిందువులు అభ్యంతరం కూడా చెప్పారు. అదే ఏడు హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర అనే మరో సంస్థ 'దేశీ అడ్డా' చేసింది. ఇది ప్లేస్టేషన్-2కూ, పీఎస్పీకీ కూడా వచ్చింది. అందులో ఏమున్నాయంటారు? కబడ్డీ, గాలిపటాల పందెం, గిల్లీదండా! మన బిళ్ళంగోడు సోనీ యంత్రమెక్కింది! ఈ ఆటలు అద్భుతాలని నేను అనను. హనుమంతుడి గంతులు కాస్త మొద్దుగానే ఉంటాయి. కానీ మన తొలి టాకీ మాత్రం సాంకేతికంగా అద్భుతమా? తొలి అడుగు తొలి అడుగే.

2013లో సోనీ ప్లేస్టేషన్-2 తయారీ ఆపేసింది. ఆ తర్వాత పీఎస్పీ కూడా పోయింది. సోనీ వారు నెల చందాకు పాత ఆటలిచ్చే పథకం 2022లో మన దేశంలో కూడా పెట్టారు. దాన్లో వెతికాను. హనుమంతుడు లేడు. బిళ్ళంగోడూ లేదు.

'భక్త ప్రహ్లాద' సంగతి మీకు తెలిసిందే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మన మొదటి పూర్తి తెలుగు టాకీ. ఈ రోజు చూద్దామంటే ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. మరి 'మాయాబజార్'? దాన్ని తీసిన వారిలో ఒకరైన నాగిరెడ్డిగారు మన కడప జిల్లా పొట్టిపాడు బిడ్డ. ఆ బొమ్మ ఫిల్ము మిగిలింది గనకే 1957 నాటి నలుపు-తెలుపు మాయాబజార్ 2010 జనవరిలో రంగుల్లో మళ్ళీ హాళ్ళకొచ్చింది. మా అన్నకొడుకు లాంటివాళ్ళు కూడా ఎస్వీఆర్ నోట్లోకి లడ్డూలు ఎగిరి రావడం చూసి చప్పట్లు కొట్టగలిగారు.

ఫిల్ముకు తేమ శత్రువు. డిస్కుకు గీత శత్రువు. కర్నూలుకైతే ఇంకో శత్రువు కూడా ఉంది. హనుమాన్, దేశీ అడ్డా వచ్చిన ఆ 2009లోనే, అక్టోబర్ 2న తుంగభద్ర ఊరి మీద పడింది. కొన్ని వీధుల్లో మొదటి అంతస్తు మునిగింది. జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. నీళ్ళు తీశాక వీధుల్లో బురద కుప్పలు... పెళ్ళి ఫోటోలు, వీడియో క్యాసెట్లు, పుస్తకాలు, మా గంట లెక్క ఆటల పెట్టె, అన్నీ ఆ కుప్పల్లోనే. క్యాసెట్లు ఎవరూ ఏరుకోలేదు. ప్రాణాలు దక్కితే చాలనుకున్న రోజులవి.

మొన్న కర్నూలు వెళ్ళినప్పుడు రాజ్‌విహార్ దగ్గర పాత సీడీలూ, రిమోట్లూ అమ్మే కొట్టు ఒకటి కనిపిస్తే ఆగాను. "అన్నా, ప్లేస్టేషన్ రెండు డిస్కులు పాతవి ఏమన్నా ఉన్నాయా? హనుమాన్ అని..."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దేవుని పాటల సీడీనా?"

"కాదన్నా, ఆట."

"అయ్యో, ఇప్పుడు ఎవురు అడుగుతారప్పా అవి! రెండు అట్టపెట్టెల డిస్కులు ఉండె. పోయినేడు కిలో లెక్కన వేసేసినా." ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు బల్ల కింద చెయ్యి పెట్టి నాలుగైదు బయటికి తీశాడు. రెండు క్రికెట్ ఆటలు, ఒక కారు పందెం, కవరు లేనివి మరో రెండు. హనుమాన్ లేడు.

కవరు లేని రెండూ యాభై రూపాయలకు తెచ్చుకున్నాను. కడపలో మా వాడి కంప్యూటర్లో పెడితే ఒకటి గీతలు పడి మొరాయించింది, రెండోది ఒక కుస్తీ ఆట. డీవీడీ డ్రైవు ఉన్న ఏ కంప్యూటరైనా ప్లేస్టేషన్-2 డిస్కును చదివి నకలు తీయగలదు. దాన్ని ఆడించే 'పీసీఎస్ఎక్స్2' ఎమ్యులేటర్ ఉచితం. దానికి పాత యంత్రం లోపలి 'బయోస్' మాత్రం మీ సొంత ప్లేస్టేషన్ నుంచే తీసుకోవాలి. పీఎస్పీ డిస్కుకైతే పీఎస్పీయే కావాలి, మామూలు డ్రైవులో అది పట్టదు.

అన్నట్టు మిత్రులారా, మీ ఇంటి అటక మీద 2009 నాటి డిస్కు ఏదైనా ఉంటే, దాని మీద గద ఉన్న కుర్రాడి బొమ్మో, గాలిపటమో ఉంటే, పాత సామాన్ల బండికి మాత్రం వేయకండి. మా వాడు నకలు తీయడానికి డ్రైవు తుడిచి పెట్టుకుని కూర్చున్నాడు.